వేలు దాటితే పృథ్వి దాటుతుంది

పెదవి దాటితే పృథ్వి దాటుతుందన్నారు పెద్దలు. నోటిమాటకే అంత వేగం ఉన్నప్పుడు, వేలి కొసతో పంపే చిత్రం సంగతి వేరే చెప్పాలా? ఈ సత్యం దేశానికి మొదటిసారి చేదుగా తెలిసివచ్చింది 2004లో. ఢిల్లీలోని పేరుమోసిన పాఠశాలలో 11వ తరగతి చదివే ఒక బాలుడు తోటి విద్యార్థినితో గడిపిన ఏకాంతాన్ని సెల్‌ఫోన్‌లో చిత్రించాడు. ఆ దృశ్యం ఒక ఫోన్ నుంచి మరొక ఫోన్‌కు పాకింది. ఆ ఏడాది నవంబరు 27న, వేయి కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఖరగ్‌పూర్ ఐఐటీ విద్యార్థి ఒకరు దానిని బాజీ డాట్ కామ్ అనే ఇంటర్నెట్ అంగడిలో 125 రూపాయలకు అమ్మకానికి పెట్టాడు. రెండు రోజులు తిరగకముందే ఆ సంస్థ ప్రకటనను తొలగించింది. కాని అప్పటికే కొన్నవారు కొన్నారు, చూసినవారు చూశారు.

తరువాతి కథ పోలీసులది, న్యాయస్థానాలది. అమ్మజూపిన విద్యార్థి అరెస్టయ్యాడు. చిత్రించిన బాలుడి వ్యవహారం బాలనేరస్థుల న్యాయమండలికి చేరింది. అంగడి సంస్థ అధిపతి సైతం ఆ డిసెంబరులో అరెస్టయ్యారు. ఆయనపై విచారణను సుప్రీంకోర్టు 2012లో రద్దు చేసేదాకా ఆ వ్యాజ్యం సాగింది. ఎనిమిదేళ్లపాటు ఇందరు ఇన్ని మెట్లు ఎక్కి దిగినా, ఆ బాలిక పోగొట్టుకున్న ఏకాంతాన్ని తిరిగి ఇవ్వగలిగినవారు ఒక్కరూ లేకపోయారు. కౌమార వయస్కులు సెల్‌ఫోన్ల ద్వారా పంపుకొనే నగ్న చిత్రాలు, శృంగార సందేశాల వ్యవహారానికి సెక్స్‌టింగ్ అనే పేరు ఇంకా ఇక్కడ వాడుకలోకి రాని రోజులవి. పేరు రాకముందే ముప్పు వచ్చింది.

నాటి ఉదంతంలో ఒక కొస తగిలిన ఖరగ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి, కోస్తా జిల్లాల నుంచి తరలివెళ్లిన కుటుంబాలు అక్కడి వర్క్‌షాపు చుట్టూ, రైల్వే క్వార్టర్లలో, ఝపటాపూర్ వంటి పేటలలో స్థిరపడ్డాయి. తాతలు ఇంజన్లకు మరమ్మతులు చేసిన ఊళ్లో ఇప్పుడు మునిమనుమలు అరచేతిలో ప్రపంచాన్ని తిప్పుతున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీయో ఇంగ్లీషో నడిచే ఆ జీవితంలో, ఫోన్‌లో నడిచే భాష మాత్రం పెద్దలకు బొత్తిగా అంతుపట్టనిది. పిల్లలకు తెలిసిన మాటలు తల్లిదండ్రులకు తెలియవు. తల్లిదండ్రులు చెప్పదలచిన దానికి వారి వద్ద మాటలు లేవు. ఆ మౌనమే నేరగాళ్లకు పెట్టుబడి.

సాధనాన్ని చేతికివ్వడంలో ప్రభుత్వాలు వెనుకబడలేదు. ట్యాబ్ లేదా స్మార్ట్‌ఫోన్ కొనుక్కునేందుకు 12వ తరగతి విద్యార్థులకు తలా 10,000 రూపాయలు ఇచ్చే పథకాన్ని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020-21లో ఆరంభించింది. 2024లో 11వ తరగతికీ విస్తరించింది. పేద బిడ్డల చదువుకు అది మేలే. తప్పు పట్టవలసింది ఇచ్చినందుకు కాదు, ఇచ్చి ఊరుకున్నందుకు. లైసెన్సు లేనిదే బండి నడపనివ్వని సమాజం, అంతకంటె వేగంగా పోయే యంత్రాన్ని పదహారేళ్ల చేతిలో పెట్టి జాగ్రత్తలు చెప్పడానికి సిగ్గుపడుతున్నది.

చట్టాలకు కొరత ఉన్నదా అంటే, అదీ లేదు. 2009 అక్టోబరులో అమలులోకి వచ్చిన సవరణలతో సమాచార సాంకేతిక చట్టంలో 67-బి సెక్షన్ చేరింది. పద్దెనిమిదేళ్లు నిండనివారి అశ్లీల చిత్రాలను తయారు చేయడమే కాదు, సేకరించినా, వెదికినా, ఇచ్చిపుచ్చుకున్నా మొదటి నేరానికే అయిదేళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా. 2012 నవంబరు 14 నుంచి పోక్సో చట్టం వచ్చింది. అటువంటి చిత్రాలను దగ్గర ఉంచుకొని, తొలగించకపోవడం, అధికారులకు తెలియజేయకపోవడం కూడా నేరం కాగలదని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న విస్పష్టం చేసింది. ఖరగ్‌పూర్‌కు పొరుగునే తూర్పు మేదినీపూర్ జిల్లా తమ్లుక్ కోర్టు 2018 మార్చిలో ఇచ్చిన తీర్పు మరొక మైలురాయి. ప్రేమించిన యువతి దూరమైందన్న కక్షతో ఆమె ఆంతరంగిక చిత్రాలను ఇంటర్నెట్‌లో పెట్టిన ఇంజనీరింగ్ విద్యార్థికి ఆ కోర్టు అయిదేళ్ల జైలుశిక్ష విధించింది. ఫిర్యాదు అందిన ఏడాది తిరగకుండానే వచ్చిన తీర్పు అది. బాధితురాలికి అత్యాచార బాధితులతో సమానంగా పరిహారం అందాలన్నది అందులోని విశేషం.

ఇంత పదునైన చట్టాలు ఉండీ బాధితులు నోరు విప్పకపోవడానికి కారణం వెదకాలి. మొదటి కారణం పరువు. చిత్రం బయటపడితే సమాజం వేలెత్తి చూపేది అందులో ఉన్న ఆడపిల్లను. దానిని పదిమందికి చేరవేసిన పెద్దమనుషులను కాదు. రెండవ కారణం చట్టమే. ఒకరినొకరు నమ్మి, ఇష్టపడి చిత్రాలు పంపుకున్న ఇద్దరు పదిహేడేళ్ల వారికి 67-బి సెక్షన్‌లో ప్రత్యేక మినహాయింపు ఏదీ లేదు. బాలలను చెరబట్టే వ్యాపారిని శిక్షించడానికి పుట్టిన చట్టం, అక్షరాలా చదివితే, తెలియక తప్పటడుగు వేసిన బాలల మెడకూ చుట్టుకోగలదు. ఇంట్లో చెబితే తన్నులు, బయట చెబితే కేసు అన్న భయంలో ఉన్న బిడ్డ చివరకు బెదిరించేవాడు చెప్పినట్లే వింటుంది. అడిగిన డబ్బు ఇస్తుంది. మరొక చిత్రం పంపుతుంది. ఉచ్చు బిగిసేది అక్కడే.

ఖరగ్‌పూర్ వంటి రైలు పట్టణంలో పట్టాల ప్రమాదం గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. గేటు పడ్డాక దాటవద్దని ప్రతి తల్లీ బిడ్డకు చెబుతుంది. అయినా పట్టాల మధ్య కాలు ఇరుక్కున్న బిడ్డను చూసి, గేటు ఎందుకు దాటావని గట్టున నిలబడి తిట్టే తల్లి ఉండదు. ముందు లాగుతుంది, మందలింపు తర్వాత. ఫోన్ విషయంలోనూ పాటించవలసిన వరుస ఇదే. దురదృష్టవశాత్తు మన ఇళ్లలో, బడులలో తిట్టు ముందు వస్తున్నది. లాగే చేయి రావడమే లేదు.

చిత్రం పంపవద్దని చెప్పడం అవసరమే. ఎంత నమ్మకస్థుడికి పంపినా, పంపిన క్షణం నుంచి దానిపై అధికారం పోతుందని, కనిపించి మాయమవుతుందన్న సందేశాన్ని కూడా మరొక ఫోన్‌తో ఫొటో తీయవచ్చునని, వత్తిడి చేసి అడిగేది ప్రేమ కాదని వివరించాలి. అయితే పాఠం అక్కడితో ఆగిపోతే సగమే అవుతుంది. మామూలు ఫొటోను తీసుకొని కృత్రిమ మేధతో నగ్న చిత్రాన్ని కల్పించే రోజులు వచ్చాయి. ఏమీ పంపని అమ్మాయి కూడా ఇప్పుడు బాధితురాలు కాగలదు. కనుక మిగతా సగం పాఠం చూసేవారికి, ముఖ్యంగా మగపిల్లలకు చెప్పవలసి ఉంది. చేతికి వచ్చిన చిత్రాన్ని ముందుకు పంపినవాడు వార్తాహరుడు కాదు, నేరంలో భాగస్వామి. 2004లో ఢిల్లీ నుంచి ఖరగ్‌పూర్ దాకా ఆ దృశ్యం ఒక్కడి వల్ల రాలేదు. దారిలో ఒక్కొక్కరూ ఒక్కొక్క మీట నొక్కారు. వారిలో కొద్దిమంది ఆగి ఉంటే ఆ ప్రవాహం పలుచబడేది.

ఇక మూడవ పాఠం ఆపద వచ్చాక చేయవలసినది. బెదిరించేవాడికి డబ్బు ఇవ్వరాదు. భయపడి సంభాషణలను చెరిపేయరాదు, అవే సాక్ష్యం. సాక్ష్యం పేరిట ఆ చిత్రాన్ని బంధుమిత్రులకు పంపడమూ తగదు. సైబర్ నేరాలకు 1930, బాలల సహాయానికి 1098 నంబర్లు ఉన్నాయి. అటువంటి చిత్రాలను ఫిర్యాదు అందిన స్వల్ప వ్యవధిలోగా తొలగించే బాధ్యతను 2021 నాటి నిబంధనలు సామాజిక మాధ్యమ సంస్థలపై పెట్టాయి. పద్దెనిమిదేళ్లలోపు వారి కోసం 2023లో మొదలైన టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత అంతర్జాతీయ సేవ ఉంది. చిత్రాన్ని ఎవరికీ చూపనక్కరలేకుండా, దానికి వేలిముద్ర వంటి ఒక సంకేతాన్ని మాత్రమే తయారు చేసి, ఆ సేవలో చేరిన సంస్థల వేదికలలో దాని వ్యాప్తిని అరికట్టడానికి అది తోడ్పడుతుంది. పోలీసు స్టేషన్ మెట్లెక్కితే పరువు పోతుందని జంకే తల్లిదండ్రులు పోక్సో చట్టంలోని ఒక వెసులుబాటును తెలుసుకోవాలి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి వద్దనో, బిడ్డ కోరిన చోటనో, యూనిఫారం లేకుండా వచ్చి నమోదు చేయాలి. వీలైనంతవరకు మహిళా అధికారే రావాలి. బిడ్డ పేరు, ఆనవాళ్లు పత్రికలు బయటపెట్టరాదు. ఈ మాటలు ఎన్ని ఇళ్లకు చేరాయన్నదే ప్రశ్న.

బడులలో ఈ చదువు చెప్పే ప్రయత్నం కొత్తదేమీ కాదు. కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక వంటి రాష్ట్రాలు సంస్కృతి పేరిట అడ్డుకున్నాయి. 2020 ఫిబ్రవరిలో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో 11 అంశాలు ఉన్నాయి. ఇంటర్నెట్‌ను, మాధ్యమాలను సురక్షితంగా వాడుకోవడం వాటిలో ఒకటి. బడికి ఇద్దరు ఉపాధ్యాయులు దీనిపై శిక్షణ పొందాలన్నది ఉద్దేశం. సుప్రీంకోర్టు 2024 తీర్పులోనూ సమగ్ర లైంగిక విద్య అవసరాన్ని నొక్కి చెప్పింది. కాగితాల మీద కొరత లేదు. తరగతి గదిలో ఆ పాఠం వచ్చేసరికి పేజీ తిప్పేసే అలవాటు పోవాలి.

ఇక్కడే భాష ప్రసక్తి వస్తుంది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరికను మన్నించి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా కల్పించింది. ఆ హోదా ఎన్నికల సభలలో చెప్పుకొనే ముచ్చటగా మిగిలిపోరాదు. అమ్మమ్మ కూడా చదివి అర్థం చేసుకోగల తెలుగులో ఒక చిన్న పుస్తకం, తెలుగు తెలిసిన ఒక మహిళా అధికారి, నెలకొకసారి తల్లిదండ్రులతో ఒక సమావేశం. ఇవి ఖజానాను కుంగదీసే కోరికలు కావు. తెలుగు సంఘాలు దసరా, ఉగాది వేడుకలకు చూపే ఉత్సాహంలో కొంత దీనికి కేటాయించినా పని మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ బడుల కోసం తెలుగులో పాఠాలు తయారు చేస్తే, వాటిని ఖరగ్‌పూర్‌కు పంపడానికి పోస్టు ఖర్చు కూడా కాదు.

కేంద్రం సైతం ఒక పని చేయాలి. ఇష్టపూర్వకంగా, ఒకే ఈడు బాలల మధ్య జరిగిన దానిని, బెదిరింపుతోనో వ్యాపారం కోసమో జరిగిన దానిని చట్టం వేరువేరుగా చూడాలి. తప్పు చేసిన బిడ్డ కూడా ధైర్యంగా వచ్చి చెప్పుకోగల వాతావరణం ఏర్పడితేనే అసలు నేరగాడు దొరుకుతాడు.

వేలు దాటిన చిత్రాన్ని వెనక్కు పిలిచే మంత్రం ఏ చట్టానికీ తెలియదు. పంపబోయే వేలిని, వచ్చిన దానిని ముందుకు తోయబోయే వేలిని ఒక్క క్షణం ఆపే వివేకాన్ని మాత్రం ఇల్లూ బడీ కలిసి నేర్పగలవు. అప్పటికీ పొరపాటు జరిగితే, బిడ్డ మొదట తలుపు తట్టేది తన ఇంటిదే కావాలి. ఆ తలుపు తెరిచి ఉంచడం ఏ ప్రభుత్వమూ చేసిపెట్టలేని పని; అది పెద్దలదే.