ముందు బాకీ, తర్వాతే నమ్మకం

కోర్టుకి వస్తానన్నవాడు రాకపోతే ఏం చెయ్యాలి? పాత ఇంగ్లండు క్రిమినల్ కోర్టుల జవాబు మన ప్రోగ్రామర్లకి తెగ నచ్చుతుంది. రాకపోతే జరిమానా వేస్తాం అనలేదు వాళ్ళు. బాకీ ముందే రాసేసి, వస్తే కొట్టేస్తాం అన్నారు!

దీని పేరు రికగ్నిజన్స్. జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక మేజిస్ట్రేటు ఎదుట ముద్దాయి రాజుగారికి, ఉదాహరణకి, 40 పౌన్లు బాకీ అని ఒప్పుకుంటాడు. పూచీ పడ్డ ఇద్దరు చెరో 20 ఒప్పుకుంటారు. ఫలానా సెషన్స్‌కి హాజరైతే ఈ బాకీ చెల్లదని కింద షరతు. సంతకం మేజిస్ట్రేటుదే, వాళ్ళు నోటితో ఒప్పుకుంటే చాలు. అంటే డిఫాల్ట్ విలువ 'బాకీ', హాజరైతేనే సున్నా అవుతుంది.

ఫిర్యాదీ, సాక్షులు కూడా ఇలాగే కట్టుబడాలి. ఇప్పటిలాంటి పోలీసులు లేని కాలం కదా, సొమ్ము పోయినవాడే కేసు నడుపుకోవాలి. సాక్షుల్ని ఇలా కట్టిపడేసే అధికారం 1554-55 నాటి చట్టాలు ఇచ్చాయి.

పేరు పిలిచినప్పుడు పలక్కపోతే? గుమాస్తా ఆ పద్దు నకలు రాసి ఖజానాకి, అంటే ఎక్స్‌చెకర్‌కి పంపేవాడు. దీన్నే ఎస్ట్రీట్ అంటారు. అక్కడినుంచి షెరీఫ్‌కి వసూలు ఉత్తర్వు వచ్చేది. బతిమాలుకుని మాఫీ చేయించుకున్నవాళ్ళూ ఉన్నారు.

పద్దు బానే ఉంది. కానీ నా లెక్కలో దీని బలం పద్దులో లేదు, పూచీ పడ్డ ఆ ఇద్దరిలో ఉంది. తమ డబ్బు పోతుందన్న భయంతో వాళ్ళే మనిషిని లాక్కొచ్చేవాళ్ళు. మరి తెలిసినవాళ్ళెవరూ లేని పరాయి ఊరి కూలీ సంగతి? జైలే.

ఈ పద్ధతి బ్రిటిష్ వాళ్ళతో మనకీ వచ్చింది, ఆ లోపంతో సహా. 1978లో మోతీరామ్ కేసు చూడండి. ఒక తాపీ పనివాణ్ణి 10,000 రూపాయల పూచీకత్తు అడిగారు. పూచీకి వచ్చిన సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. చివరికి సుప్రీంకోర్టు 1,000 రూపాయల సొంత బాండు మీద వదలమంది. అయినా 2022 చివర్లో మన ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది విచారణలో ఉన్నవాళ్ళే. అందరూ పూచీ లేకే అని అనను, కానీ కొందరు అచ్చంగా అందుకే.

కోడ్ కాపీ కొట్టినప్పుడు అది ఏ ఊహ మీద నడుస్తోందో చూడొద్దూ? అపార్ట్‌మెంట్లలో బతికే మనకే, అర్ధరాత్రి పిలిస్తే పూచీ పడే పొరుగువాళ్ళు ఇద్దరున్నారా?