పొదుపు ఎవరి కడుపులోంచి?

ఇంట్లో పొదుపు ఎక్కడి నుంచి వస్తుందో మనకు తెలియంది కాదు. నెలాఖరులో పాలు తగ్గితే ముందు ఆగేది అమ్మ కాఫీ. కూర చాలకపోతే అమ్మ పచ్చడితో కానిచ్చేస్తుంది. పైగా "భలే సర్దుకొస్తుంది" అని మెచ్చుకోళ్లు. సర్కారు బడుల ఖర్చులో కూడా ఇదే పద్ధతి నడుస్తోందని నా గొడవ.

మొన్న నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, పుట్టింటికి వెళ్లాను. మా వీధిలో ఒకామె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఎంతిస్తారని అడిగితే, "మూడు వేలక్కా. అది కూడా వచ్చినప్పుడు" అంది. నెలకు పాతిక రోజులు అనుకున్నా రోజుకు 120 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307.

కేంద్రం లెక్క ఇంకా విచిత్రం. వంట చేసేవాళ్లకు నెలకు వెయ్యి రూపాయలని 2009లో పెట్టారు, అది కూడా ఏడాదికి పది నెలలే. ఇప్పటికీ అదే వెయ్యి. మన రాష్ట్రం కొంత కలిపి 3,000 చేసింది. పప్పు, నూనె, కూరగాయల ఖర్చు మాత్రం అప్పుడప్పుడూ పెంచుతున్నారు. 2025 మే నుంచి ప్రాథమిక తరగతుల్లో ఒక్కో బిడ్డకు రోజుకు 6.78 రూపాయలు. ఎర్రగడ్డల ధర పెరుగుతుందని తెలిసినవాళ్లకు, అవి తరిగే మనిషి ఇంటి బాడుగ కూడా పెరుగుతుందని తెలియదా?

"పూట పనే కదా, ఎట్లాగూ ఇంట్లో వండేదే కదా" అంటారు కొందరు. పొద్దున ఎనిమిదికి పోయి, అంతమందికి వండి, వడ్డించి, గిన్నెలు తోమి ఇంటికొచ్చేసరికి మూడు దాటుతుంది. ఆడవాళ్లకు వచ్చిన పని గనక అది పని కాదన్నమాట!

నిబంధన ప్రకారం 25 మంది పిల్లల వరకు ఒక మనిషి, 26 నుంచి వందదాకా ఇద్దరు. 26వ బిడ్డ ప్రైవేటు బడికి పోతే రెండో ఆమె జీతం కూడా పోవచ్చు. కాగితం మీద దాని పేరు పొదుపు.

మరుగుదొడ్లు కడిగే ఆయాలకు నెలకు 6,000. 2025లో "తల్లికి వందనం" 15,000లో 2,000 బడి నిర్వహణకని పట్టుకుని 13,000 వేశారు. వందనం తల్లికే, కోత కూడా తల్లికే. ఇక భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్లకు లేదనకుండా పెట్టిన తల్లి ఆమె. ఆమె పేరుతో వండేవాళ్ల ఇంట్లో పొయ్యి సంగతి ఎవరికీ పట్టదు.

పొదుపు వద్దనడం లేదు. బిల్లులు ఆలస్యమైతే మా ఆళ్లగడ్డ ఆమె అంగట్లో అప్పు పెట్టి సరుకులు తెస్తుంది. అప్పు సరుకు ఎప్పుడూ ఖరీదే, బేరమాడే నోరు కూడా ఉండదు. బిల్లు నెలనెలా ఇవ్వండి, అదే డబ్బుతో పిల్లల పళ్లెంలో ఇంకొంచెం కూర పడుతుంది. అసలైన పొదుపు అది. సంసారం చేసే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది.

ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి బడికి వెళ్లి అక్కడ భోంచేస్తే, బాగుందని చెప్పి చేయి కడుక్కుని వచ్చేయకండి. వండినామెను "పోయిన నెల డబ్బులొచ్చాయా?" అని అందరి ముందూ అడగండి. నేను అడగబోతున్నాను.