బస్తీని చుట్టుముట్టుటకు వారంటు ఏది?

అధికారి పరుల యింట వెదకుట కొక పద్ధతి కలదు. ఆ పద్ధతి తప్పినచో అది సోదా కాదు, చొరబాటు. అట్లుండ మన నగరమున కొన్ని యేండ్లుగా కార్డన్ సెర్చ్ అను పేర జరుగుచు వచ్చిన పని యెట్టిది? తెల్లవారకమున్నే గాని, ప్రొద్దు గ్రుంకిన పిదప గాని పోలీసులు బస్తీని చుట్టుముట్టుదురు. ఇంటింటి తలుపు తట్టి గుర్తింపు పత్రములు చూపుమందురు. కాగితములు లేని బండ్లను తోలుకొనిపోవుదురు. ఏ నేరమున కీ వెదకులాట యని యడుగుటకు బీదవానికి నోరు రాదు. కావున మేమడుగుచున్నాము.

1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానమున 2024 జూలై 1 మొదలు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలునకు వచ్చినది. పేరు మారినను మూలసూత్రము మారలేదు. సోదా వారంటు నిచ్చునది న్యాయస్థానము. దానిని తెచ్చుటకు వ్యవధి లేనిచో, 185వ సెక్షను ననుసరించి, దర్యాప్తు చేయు అధికారి తన నమ్మకమునకు గల కారణములను, వెదకబోవు వస్తువును ముందుగా వ్రాసి, 48 గంటలలో నకలును మేజిస్ట్రేటునకు పంపవలెను. 103వ సెక్షను ప్రకారము, పక్షపాతము లేని స్థానికులగు ఇద్దరు పెద్దమనుష్యుల యెదుట సోదా జరుగవలెను. ఇంటివానిని దగ్గర నుండనీయవలెను. పట్టుకొన్న వస్తువుల జాబితా నకలు వాని కీయవలెను. స్త్రీని స్త్రీయే, మర్యాద చెడకుండ, సోదా చేయవలెను. 105వ సెక్షను సోదానంతయు దృశ్యముగను ధ్వనిగను రికార్డు చేయుమనుచున్నది.

ఇందు బస్తీ అను మాట యెచ్చట నున్నది? వందల యిండ్లకు వందల కారణములు ముందుగా వ్రాయబడినవా?

1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపుల చట్టపు 73వ సెక్షనును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన యెవ్వడైనను లోన ప్రవేశించి దస్తావేజులు వెదకవచ్చునన్నది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకును కెనరా బ్యాంకునకును నడచిన వ్యాజ్యమున హైకోర్టు ఆ సవరణను కొట్టివేయగా, 2004లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయపరచెను. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఆంతరంగికతను ప్రాథమిక హక్కుగా స్థిరపరచిరి. బ్యాంకు బీరువాలోని కాగితమునకు గల రక్షణ బీదవాని గుడిసెకు లేదా?

నిర్దోషికి భయమేల యని కొందరందురు. నిర్దోషి తలుపు తట్టుటకు కారణము చూపవలసినవాడు అధికారియే. భయము లేదని నిరూపించుకొనుట ఇంటివాని పని కాదు. మరియొక చిక్కు కలదు. సోదా అక్రమమైనంత మాత్రమున దొరికిన సాక్ష్యము త్రోసివేయబడదని 1973లో పూరణ్‌మల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. తప్పు చేసినవానికి నష్టము లేనిచో నిబంధన కాగితముననే నిలుచును. కావున నిబంధన మీరిన యధికారిపై శాఖాపరమైన శిక్ష తప్పనిసరి కావలెను.

సభకు సైతము సెలవు కోరుమన్న నిజాము నాటి గస్తీ నిషాన్ 53ను ఎదిరించిన నగరమిది. 1891లో ఆసఫియా గ్రంథాలయముగా వెలసి, నేడు అఫ్జల్‌గంజ్‌లో నున్న కేంద్ర గ్రంథాలయమునకు వచ్చు చదువరులారా! ఈ మూడు సెక్షనులను చదివి, చదువురాని పొరుగువారికి వినిపింపుడు. పోలీసుల నడ్డగింపవలదు; వారంటేదని, వ్రాసిన కారణమేదని, జాబితా నకలేదని యడుగుడు. పొరుగింట సోదా జరుగునపుడు సాక్షిగా నిలుచుటకు వెనుదీయకుడు. పొరుగువాని కన్నులు తెరచియున్నచో అధికారి చేయి హద్దు మీరదు.