హంతకుడెవరో చెప్పొద్దు ప్లీజ్!

అద్దె నవలకు ఉండే జబ్బులు రెండు. చివరి నాలుగు పేజీలు లేకపోవడం మొదటిది. ఇక రెండోది, పేజీలన్నీ ఉన్నా మొదటి పేజీలోనే ఎవరో మహానుభావుడు పెన్సిల్‌తో 'డాక్టరే హంతకుడు' అని రాసి పెట్టడం. ఈ రెండింట్లో ఏది ఘోరమో తేల్చమంటే డిటెక్టివ్ యుగంధర్ కూడా తల పట్టుకుంటాడు. చివరి పేజీలు లేనివాడు కనీసం ఊహించుకోవచ్చు. పెన్సిల్ రాత కంటబడ్డవాడికి ఆ అదృష్టమూ లేదు!

కథ ముగిశాక మళ్లీ గుర్తుకొచ్చే నవలలు చాలా ఉన్నాయి. ముగింపు కోసం అన్నం మానేయించేవి మాత్రం డిటెక్టివ్ నవలలే. అలాంటిది ఒకటి పూర్తయ్యాక అదే డిటెక్టివ్‌తో ఇంకోటి ఉందని తెలిస్తే? ఆ ఆనందం ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎరగనివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

బస్సెక్కి వచ్చిన పుస్తకాలు

టేకుమట్ల 2016లో మండల కేంద్రమైంది. అంతకుముందు పాత వరంగల్ జిల్లాలోని చిట్యాల మండలంలో ఒక ఊరు. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా. పత్తి, మిరప, వరి పండే నేల. ఇలాంటి ఊళ్లలో నవల దొరకాలంటే పరకాలకో హన్మకొండకో వెళ్లాల్సిందే. సినిమాకని వెళ్లినవాళ్లు, కాలేజీ హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినవాళ్లు, డ్యూటీ దిగి వచ్చిన ఉద్యోగులు... పల్లెలకు పుస్తకాలు వీళ్ల సంచుల్లోనే చేరేవి. ఒక్క పుస్తకం పదిళ్లు తిరిగేది. పదో ఇంటికి చేరేసరికి అట్ట ఊడిపోయేది. చివరి పేజీల సంగతి సరేసరి!

ఆ సంచుల్లో ఉండేవి ఎవరి పుస్తకాలు? తెలుగులో అపరాధ పరిశోధన నవలది పెద్ద చరిత్రే. 20వ శతాబ్దం తొలి దశకాల్లోనే బెంగాలీ రచయిత పాంచ్‌కడి దే నవలలు తెలుగులోకి వచ్చాయి. దేవరాజు వేంకట కృష్ణారావు రాసిన 'వాడే వీడు'ను తొలి తెలుగు డిటెక్టివ్ నవలల్లో ఒకటిగా చెబుతారు. ఆ తర్వాత మద్రాసు ప్రెస్సుల నుంచి పాకెట్ పుస్తకాలు వరదలా వచ్చాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఇంటింటికీ పరిచయమయ్యారు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ పేర్లు చూసి పుస్తకాలు అడిగేవాళ్లు తయారయ్యారు. కవిగా పేరున్న ఆరుద్ర కూడా 'పలకల వెండి గ్లాసు' లాంటి డిటెక్టివ్ నవలలు రాశారంటే ఆ గిరాకీ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

తెలంగాణలో ఇంకో పాయ కూడా ఉంది. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిన తరానికి ఇబ్నె సఫీ దగ్గరి చుట్టం. ఆయన 1952లో అలహాబాద్ నుంచి 'జాసూసీ దునియా' మొదలుపెట్టారు. అందులో కల్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్ జోడీ. 1955లో ఇమ్రాన్ సిరీస్ కూడా తోడైంది. జబ్బు చేసి మూడేళ్లపాటు కలం పట్టలేకపోయిన ఆయన, 1963లో మళ్లీ ఒక ఇమ్రాన్ నవలతో వస్తే పాఠకులు ఎగబడి కొన్నారు.

సీరియల్‌గా ఎందుకు?

ఒక్క నవలతో తృప్తి పడొచ్చు కదా, వరసగా ముప్ఫయ్యో నలభయ్యో ఎందుకు? ఇక్కడే ఉంది కిటుకు. హత్య ప్రతిసారీ కొత్తది, హంతకుడు కొత్తవాడు, ఊరు కొత్తది. డిటెక్టివ్ మాత్రం పాతవాడే. భయం కొత్తగా, భరోసా పాతగా ఉంటాయి. ఎంత పెద్ద చిక్కుముడి పడినా యుగంధర్ విప్పుతాడని పాఠకుడికి తెలుసు. ఎలా విప్పుతాడో తెలియదు. ఆ 'ఎలా' కోసమే దీపం కింద కూర్చునేది.

అసిస్టెంట్ సంగతి మరీ ముఖ్యం. డిటెక్టివ్‌కి అన్నీ ముందే తెలిసిపోతే కథ పది పేజీల్లో అయిపోతుంది. పాఠకుడి తరఫున ప్రశ్నలు అడగడానికి, పొరపాటున తప్పు మనిషిని అనుమానించడానికి, అప్పుడప్పుడూ దెబ్బలు తినడానికి ఒకడు కావాలి. హోమ్స్‌కి వాట్సన్, ఫరీదీకి హమీద్, యుగంధర్‌కి రాజు. చదివేవాళ్లలో చాలామంది తమను డిటెక్టివ్‌తో పోల్చుకుంటారు గానీ, నిజానికి అందరూ కూర్చునేది అసిస్టెంట్ పక్క సీట్లోనే.

ఈ బంధం ఎంత గట్టిదో కానన్ డాయిల్‌కి బాగా తెలిసొచ్చింది. 1887లో పుట్టించిన షెర్లాక్ హోమ్స్‌తో విసిగిపోయి 1893లో ఆయన్ని జలపాతంలో పడేసి చంపేశారు. పాఠకులు ఊరుకోలేదు. ఆ కథలు వేసే పత్రికకు వేలమంది చందాలు మానేశారని చెబుతారు. చివరికి 1903లో హోమ్స్ చావలేదని రాసి ఆయన రాజీ పడాల్సి వచ్చింది. అగాథా క్రిస్టీ సృష్టించిన పైరో 1975లో కన్నుమూస్తే న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో సంతాప వార్త వేసింది. ఎన్నడూ బతికి లేని మనిషికి!

యుగంధర్ వేరు... షాడో వేరు

మన దగ్గర ఈ రెండు రకాలనూ కలిపి 'డిటెక్టివ్‌లు' అనేస్తారు. రుచులు మాత్రం వేరు. యుగంధర్ నవలలో ప్రశ్న 'ఎవరు చేశారు?' అన్నది. మధుబాబు షాడో నవలలో ప్రశ్న 'ఎలా బయటపడతాడు?' అన్నది. సీఐబీ చీఫ్ కులకర్ణి పిలుపు రాగానే షాడో బయల్దేరతాడు. వెంట శ్రీకర్, ముఖేష్, గంగారాం, బిందు. అక్కడ విలన్ ఎవరో మొదట్లోనే తెలిసిపోయినా నష్టం లేదు. కత్తులు, కాల్పులు, దేశదేశాల కొండలూ కోనలూ... పేజీ తిప్పే వేగమే అసలు మజా. ఎన్నడూ జిల్లా దాటని కుర్రాళ్లకు ప్రపంచ పటం చూపించిన ఘనత షాడోదే.

మొదటి రకం మెదడుకి మేత, రెండోది గుండెకి దడ. ఏది కావాలన్నది ఆ పూట మూడ్‌ని బట్టి ఉంటుంది. పగలంతా పత్తి ఏరి వచ్చినవాళ్లకి ఆధారాల లెక్కలు ఎక్కకపోవచ్చు, షాడో ఒక్క తన్ను తంతే చాలు! తీరిక దొరికిన వానాకాలం మధ్యాహ్నానికి మాత్రం యుగంధరే సరి.

ఆటకు నియమాలున్నాయి

'ఎవరు చేశారు' నవల రచయితకీ పాఠకుడికీ మధ్య ఆట. ఈ ఆటకు 1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు పది నియమాలు రాశారు. హంతకుణ్ని కథ మొదట్లోనే పాఠకుడికి పరిచయం చేయాలి. డిటెక్టివే హంతకుడు కాకూడదు. అతనికి దొరికిన ప్రతి ఆధారం పాఠకుడికీ చూపించాలి. ముందస్తు సూచన లేకుండా కవల సోదరుణ్ని తేకూడదు. (ఈ ఒక్క నియమం వస్తే మన సినిమా వాళ్ల కథలు సగం ఆగిపోయేవి!) అన్నిటికంటే ముఖ్యమైనది... దయ్యాలు, మంత్రాలు, అతీంద్రియ శక్తులు నిషిద్ధం. ప్రతి చావుకూ ఈ లోకపు కారణమే ఉండాలి.

ఆధారమంటే రక్తపు మరకే కానక్కర్లేదు. కరెంటు వంతులవారీగా వచ్చే రోజుల్లో ఒక హత్య జరిగిందనుకోండి. 'ఆ రాత్రి బావి దగ్గర మోటరు నడిపిస్తున్నా' అని ఒకడు చెబుతాడు. ఆ వారం ఆ ఊరికి కరెంటు పగటి వంతు అని మూడో అధ్యాయంలో ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది. పాఠకుడు దాన్ని చదివి దాటిపోతాడు. డిటెక్టివ్ దాటడు. చివర్లో అది బయటపడ్డప్పుడు 'అయ్యో, నేనూ చూశానే!' అనిపించాలి. అలా అనిపిస్తే మంచి నవల. 'ఇది ఎక్కడ చెప్పాడు?' అనిపిస్తే మోసం.

అరుగు మీది మిస్ మార్పుల్

క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ 1930లో తొలిసారి నవలకెక్కింది. పల్లెటూరి ముసలమ్మ. అల్లికలు అల్లుకుంటూ ఊళ్లో వాళ్ల స్వభావాలు గమనిస్తూ కూర్చుంటుంది. ఎక్కడ ఏ హత్య జరిగినా 'ఇతను మా ఊరి ఫలానా అబ్బాయి లాంటివాడే' అని పోల్చుకుని గుట్టు విప్పేస్తుంది. టేకుమట్ల లాంటి ఊళ్లో ప్రతి అరుగు మీదా ఒక మిస్ మార్పుల్ ఉంటుంది. ఏ బస్సుకి ఎవరు దిగారు, ఎవరింటి తాళం ఎన్నాళ్లుగా తీయలేదు, ఎవరెవరికి మాటల్లేవు... అన్నీ నోటి చివరే.

అయితే పెద్ద తేడా ఒకటి ఉంది. మిస్ మార్పుల్ అనుమానంతో ఆగదు, రుజువు వెతుకుతుంది. అరుగు మీద చాలాసార్లు అనుమానమే తీర్పవుతుంది. తెలంగాణ పల్లెల్లో ఇది తేలిగ్గా తీసుకునే మాట కాదు. అంతుపట్టని జబ్బుతో ఎవరైనా పోతే బాణామతి, చేతబడి అని ఏ ముసలివాళ్ల మీదనో నింద వేసి, కొట్టి చంపిన ఘటనలు ఎన్నోసార్లు వార్తలకెక్కాయి. చనిపోయినవాడికి ఏమైందో ఎవరూ అడగరు. ఎవరు చేశారో మాత్రం అందరికీ 'తెలుసు'!

ఇక్కడ క్రిస్టీ నవల ఒకటి చెప్పుకోవాలి. పేరు మాత్రం చెప్పకూడదు. చెబితే పెన్సిల్ రాతగాడికీ ఈ పేజీకీ తేడా ఉండదు. అందులో వరసగా మనుషులు చనిపోతుంటారు. మంత్రాలతో చంపుతున్నారని అందరూ వణికిపోతారు. నిజానికి అది థాలియం అనే విషం పని. రోగి జుట్టు ఊడిపోవడం దాని గుర్తు. ఆ నవల వచ్చిన చాలా ఏళ్లకు, 1977లో, ఖతార్ నుంచి లండన్ ఆసుపత్రికి ఒక పసిపాపను తెచ్చారు. జబ్బేమిటో డాక్టర్లకు అంతుపట్టలేదు. సరిగ్గా అప్పుడే ఆ నవల చదువుతున్న ఒక నర్సు, లక్షణాలు అచ్చంగా పుస్తకంలో ఉన్నట్లే ఉన్నాయని చెప్పింది. పరీక్ష చేస్తే థాలియమే! ఇంట్లో బొద్దింకలకీ ఎలుకలకీ వాడే మందు నుంచి పాప ఒంట్లోకి చేరింది. వైద్యం అందింది, పాప కోలుకుంది.

మంత్రం అనుకుని చేతులెత్తేయకుండా 'కారణం ఏమై ఉంటుంది?' అని ఒకరు అడిగితే ఒక ప్రాణం నిలిచింది. డిటెక్టివ్ నవల నేర్పేది ఆ ఒక్క ప్రశ్నే. పురుగుమందు డబ్బా ప్రతి ఇంట్లో ఉండే పత్తి ఊళ్లకు ఆ ప్రశ్న ఇంకా అవసరం.

చెడిపోతారా?

'ఈ పుస్తకాలు చదివితే పిల్లలు చెడిపోతారు' అన్నది పాత తరం మాట. పాఠ్యపుస్తకం మధ్య షాడోని దాచి చదివి దెబ్బలు తిన్నవాళ్లు ఊరికొకరైనా ఉంటారు. విమర్శలో న్యాయం లేకపోలేదు. హడావుడిగా రాసి పారేసినవి, ఆడవాళ్లను అట్ట మీది బొమ్మలుగానే చూసినవి, ఇంగ్లిష్ నవలను పేర్లు మార్చి దింపేసినవి కుప్పలుతెప్పలుగా వచ్చాయి. వాటిని వెనకేసుకు రావక్కర్లేదు. కానీ బడి వదిలాక కూడా చదివే అలవాటు మిగిలిందంటే, చాలామందికి అది ఈ నలిగిన పుస్తకాల చలవే. ఆ మెట్టెక్కి పెద్ద సాహిత్యంలోకి వెళ్లినవాళ్లున్నారు. వెళ్లకుండా అక్కడే హాయిగా కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ పాఠకులే.

టీవీ వచ్చాక అద్దె షాపులు మూతపడ్డాయి. సెల్‌ఫోన్ వచ్చాక మిగిలినవీ పోయాయి. కథ మీద మోజు మాత్రం పోలేదు. మల్లాది వెంకటకృష్ణమూర్తి 'చంటబ్బాయ్' 1986లో సినిమాగా వచ్చి నవ్వించింది. 2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' నెల్లూరు డిటెక్టివ్‌ని చూపించింది. మధుబాబు నవలలు ఇప్పటికీ మళ్లీ మళ్లీ అచ్చవుతున్నాయి. మిగతా పాతవాటిలో చాలా భాగం ఎవరి అటక మీదో చెదలు తింటోంది. ఒకప్పుడు చవక పుస్తకమని ఎవరూ దాచలేదు, ఇప్పుడు వెతికితే దొరకదు. ఇంట్లో అట్ట లేని యుగంధర్ ఉంటే పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. జిల్లా గ్రంథాలయానికి ఇచ్చినా, చదివే పిల్లలకి ఇచ్చినా మేలే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు...

* యుగంధర్‌ని ఏ నవలతోనైనా మొదలుపెట్టొచ్చు. హోమ్స్‌ని చిన్న కథలతో మొదలుపెడితే సులువు. పైరో ఆఖరి నవలను మాత్రం ఆఖరికే ఉంచుకోండి.

* సగం పుస్తకం అయ్యాక ఆగండి. ఎవరి మీద అనుమానమో, ఎందుకో ఒక చీటీ మీద రాసి లోపల పెట్టండి. చివర్లో తీసి చూసుకోండి. ఊహ తప్పితేనే మజా ఎక్కువ.

* హంతకుడు దొరికాక మొదటి యాభై పేజీలు మళ్లీ తిరగేయండి. ఆధారాలు ఎక్కడ దాచాడో తెలుస్తుంది. అసలు పనితనం అప్పుడే కనిపిస్తుంది.

* ఇంట్లో ఒకరు చదివిన నవల ఇంకొకరికి ఇచ్చేటప్పుడు నోరు కట్టేసుకోండి. 'ఆ వంటమనిషిని కాస్త చూస్తుండు' అనడం కూడా నేరమే!