దోమలను వదలడం ధర్మసమ్మతమేనా?

దివ్యఖుర్ఆన్‌లోని అల్-బఖరా సూరా 26వ ఆయతులో అల్లాహ్ దోమను ఉపమానంగా పేర్కొన్నాడు. మనం అల్పంగా చూసే ఆ ప్రాణి ఎంతటి పరీక్ష తేగలదో డెంగీ సోకిన ప్రతి కుటుంబానికీ తెలుసు.

ఆ వ్యాధిని అరికట్టడానికి దోమలనే పెంచి వదలడం అల్లాహ్ సృష్టిని మార్చడం కాదా అని కొందరు సోదరులు మమ్మల్ని అడుగుతున్నారు. సృష్టిని మార్చడం షైతాన్ ప్రేరణ అని అన్-నిసా సూరా 119వ ఆయతు హెచ్చరిస్తున్నందున ఈ సందేహం సమంజసమే. అయితే తీర్పుకు ముందు వాస్తవం తెలియాలి.

వోల్బాకియా అనే బాక్టీరియా అనేక కీటకాల్లో సహజంగానే ఉంటుంది. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై దోమలో మాత్రం ఉండదు. శాస్త్రవేత్తలు దానిని పండ్ల ఈగ నుండి తీసి ఈ దోమలో ప్రవేశపెట్టారు. దోమ జన్యువులను మార్చలేదు. ఈ బాక్టీరియా ఉన్న దోమలో డెంగీ వైరస్ సరిగా వృద్ధి చెందదు. తల్లిదోమ నుండి అది పిల్లలకు సంక్రమిస్తూ ఆ ప్రాంతమంతటా వ్యాపిస్తుంది.

ముస్లింలు అధికంగా నివసించే ఇండోనేషియా నగరం యోగ్యకర్తాలో దీనిని పరీక్షించారు. నగరాన్ని 24 భాగాలుగా విభజించి, 12 భాగాల్లో 2017లో ఈ దోమల గుడ్లున్న చిన్న బకెట్లను ఉంచారు. 2021లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, మిగిలిన భాగాలతో పోలిస్తే అక్కడ డెంగీ 77 శాతం, డెంగీతో ఆసుపత్రిలో చేరడం 86 శాతం తక్కువ. మన దేశంలోనూ పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ పరిశోధన కేంద్రం ఇటువంటి దోమలను అభివృద్ధి చేసింది.

ప్రాణరక్షణ షరీఅత్ ప్రధాన లక్ష్యాలలో ఒకటి. ప్రతి రోగానికీ అల్లాహ్ ఔషధాన్ని అవతరింపజేశాడని దైవప్రవక్త (స) బోధించారు. కనుక ఇది సృష్టిని వికృతపరచడం కాదనీ, అనుమతించదగిన చికిత్సాప్రయత్నమేననీ మా అవగాహన. అయితే ఒక షరతు ఉంది. దోమ ఒక్క గడపకు పరిమితమయ్యేది కాదు. అందువల్ల బస్తీవాసులకు ముందుగా నిజం చెప్పి, వారి సమ్మతితోనే చేయాలి. పొరుగువారి హక్కు అది.

ఈ దోమలు వచ్చినా రాకపోయినా మన బాధ్యత తొలగిపోదు. రాత్రివేళ పాత్రలపై మూతలు పెట్టమని ప్రవక్త (స) ఆదేశించారు. ఆ సున్నత్‌ను నీళ్ల డ్రమ్ములకూ, మస్జిదు వుజూ తొట్లకూ వర్తింపజేద్దాం. కూలర్లలోని నీటిని వారానికొకసారైనా పారబోద్దాం. ఏడిస్ పగటిపూట కుట్టే దోమ గనుక పగలు నిద్రించే పసిబిడ్డకూ దోమతెర కట్టుదాం.

ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయడమే తవక్కుల్. వల్లాహు ఆలమ్.