గిటారు, బొటనవ్రేలు, సంగీత శాస్త్రం

మా మనుమడు పై చదువులకు వెళ్ళుతూ తన గిటారును నా గదిలో విడిచి వెళ్ళాడు. ఆరు మాసాలు అది గోడకు ఆనుకొని ధూళి పట్టింది. డెబ్బది రెండవ ఏట దానిని చేతిలోకి తీసుకొన్నాను. వారానికి రెండు దినాలు ఒక యువకుడు ఇంటికి వచ్చి నేర్పేవాడు. అయిదవ మాసంలో ఎడమ బొటనవ్రేలి మూలంలో నొప్పి ప్రారంభమై, చివరకు సీసా మూత త్రిప్పడం కూడ కష్టమైంది. ఇటువంటి నొప్పితోనే నా మిత్రుడొకరు తన గిటారును అమ్మివేశారు. నేను అమ్మలేదు. నన్ను నిలిపినది మందు కాదు, కాస్తంత సంగీత శాస్త్రం.

వయసు మళ్ళిన పిమ్మట వాద్యం మొదలుపెట్టేవారికి 'శాస్త్రం తరువాత చూచుకోవచ్చు, ముందు నాలుగు పాటలు వాయించండి' అని చెప్పడం పరిపాటి. పదేళ్ళ పిల్లవానికి అది మంచి సలహాయే. అరవై దాటినవారికి మాత్రం అది తప్పుడు సలహా అని నా అభిప్రాయం. ఒకే పనిని వేయిసార్లు చేసి నేర్చుకొనే ఓపిక పిల్లవాని వ్రేళ్ళకు ఉంటుంది. మన వ్రేళ్ళకు ఉండదు. తల ఇంకా పని చేస్తున్నది కనుక భారాన్ని కొంత అటు మళ్ళించాలి.

గిటారు నేర్చేవారు సాధారణంగా 'టాబ్' అనే పద్ధతిని అనుసరిస్తారు. ఏ తీగ మీద ఏ మెట్టు నొక్కాలో అంకెలలో వ్రాసి ఉంటుంది. (వీణవారు మెట్టు అనేదాన్నే గిటారువారు ఫ్రెట్ అంటారు.) ఇది హీనమైన పద్ధతి ఏమీ కాదు, అయిదు వందల ఏళ్ళ క్రితమే ఐరోపాలో ల్యూట్ వాద్యకారులు ఇటువంటిది వాడారు. అయితే అది ఎక్కడ నొక్కాలో చెబుతుంది, ఎందుకో చెప్పదు. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే రోజులలో 'ఎర్ర మాత్ర పొద్దున, తెల్ల మాత్ర రాత్రి' అని మాత్రమే తెలిసిన రోగులు ఎందరో వచ్చేవారు. కంపెనీ మారి మాత్ర రంగు మారిన నాడు వారికి దిక్కు తోచేది కాదు. టాబ్ మాత్రమే తెలిసిన వాద్యకారుని స్థితి అదే. చేయి నొచ్చిన నాడు అతనికి మరొక మార్గం కనిపించదు.

నాకు నొప్పి తెచ్చినది ఎఫ్ అనే కార్డ్. కార్డ్ అంటే కలిసి మ్రోగే కొన్ని స్వరాల గుంపు. ఎఫ్ కార్డ్‌లో చూపుడువ్రేలిని అడ్డంగా పరచి మొదటి మెట్టు వద్ద ఆరు తీగలనూ ఒకేసారి నొక్కాలి. తీగ బిగువు గట్టిగా తగిలే చోటు అది. వెనుకనుండి బొటనవ్రేలు ఎదురు ఒత్తిడి ఇవ్వాలి. చిటికెడు పట్టుతో వ్రేలి కొసన ఒక కిలో బలం పెడితే, బొటనవ్రేలి మూలంలోని కీలు మీద సుమారు 12 కిలోల బలం పడుతుందని లెక్కకట్టారు. అరిగిన కీలు దీనిని ఎంతసేపు ఓర్చుకొంటుంది?

'సాధన చేస్తే అదే వస్తుంది డాక్టరు గారూ' అన్నాడు మా గురువు. ఇరవై రెండేళ్ళవాడు, అతని తప్పు లేదు.

కర్ణాటక సంగీతం కొద్దిగా విన్న తెలుగువారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఒక స్థాయిలో 12 స్వరస్థానాలు మనకూ ఉన్నాయి, గిటారుకూ ఉన్నాయి. ఒక మెట్టు జరిగితే ఒక స్వరస్థానం మారుతుంది. పాశ్చాత్యుల మేజర్ స్కేలు మన శంకరాభరణం స్వరాలే. గమకాలు, రాగభావం వేరు. నేను చెప్పేది స్వరస్థానాల మాట. ఆ వరుసలోని స, గ, ప కలిపి మ్రోగిస్తే మేజర్ కార్డ్. అంతర గాంధారాన్ని ఒక మెట్టు దించి సాధారణ గాంధారం చేస్తే మైనర్ కార్డ్. సులువైన పాటలు అనేకం మూడు కార్డ్‌లతోనే నడుస్తాయి. అవి షడ్జం మీద, మధ్యమం మీద, పంచమం మీద కట్టినవి.

ఎఫ్‌ను షడ్జంగా పెట్టుకొంటే ఆ మూడూ ఎఫ్, బి ఫ్లాట్, సి. మొదటి రెండూ చేతికి శిక్షలే. డి షడ్జమైతే అవే మూడు స్థానాలు డి, జి, ఏ అవుతాయి; మూడూ సులువైనవి, వ్రేలిని అడ్డంగా పరచనక్కరలేదు. పాడేవారి శ్రుతి ఎఫ్ కావలసి వస్తే మూడవ మెట్టు వద్ద కేపో అనే చిన్న బిగింపును తగిలించి, డి, జి, ఏ ఆకారాలనే వాయించాలి. అన్నీ మూడు స్వరస్థానాలు పైకి జరిగి ఎఫ్, బి ఫ్లాట్, సి గానే మ్రోగుతాయి. ఈ లెక్కను ఒక ఆదివారం కాగితం మీద వేసి గ్రహించాను. మూడు వారాలు వాద్యానికి విశ్రాంతి ఇచ్చి, ఆ పిమ్మట ఎఫ్ జోలికి పోలేదు. కీలు అరుగుదల పోదు కాని సీసా మూత త్రిప్పగలుగుతున్నాను.

తీగల శ్రుతి సంగతి కూడ మొదటి వారమే చెప్పాలి. పక్కపక్క తీగల మధ్య అయిదేసి స్వరస్థానాల దూరం ఉంటుంది, జి, బి తీగల మధ్య మాత్రం నాలుగే. ఈ ఒక్క ముక్క తెలియక, ఒకచోట కుదిరిన ఆకారం మరొకచోట అపస్వరం ఎందుకు పలుకుతున్నదో అర్థం కాక రెండు మాసాలు నన్ను నేనే తిట్టుకొన్నాను.

'జాంగో రైన్‌హార్ట్‌కు నొటేషన్ చదవడమే రాదు గదా, ఆయనకు లేని శాస్త్రం మనకెందుకు?' అని అడిగేవారున్నారు. మంచి ప్రశ్న. బెల్జియంలో 1910లో పుట్టిన ఈ గిటారు విద్వాంసుడు 1928లో తన బండి ఇంటికి నిప్పంటుకొని తీవ్రంగా కాలిపోయాడు. ఎడమచేతి ఉంగరపు వ్రేలు, చిటికెనవ్రేలు దాదాపు పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వ్రేళ్ళతోనే వాద్యాన్ని మళ్ళీ సాధించి, 1934 నుండి పారిస్‌లో వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లితో కలిసి జాజ్ బృందాన్ని నడిపాడు. నొటేషన్ చదవడం వేరు, స్వరాల సంబంధం తెలియడం వేరు. కార్డ్‌లో ఏ స్వరాన్ని ఉంచాలి, దేనిని విడిచిపెట్టవచ్చు అన్న జ్ఞానం లేనిదే రెండు వ్రేళ్ళతో అంత సంగీతం పుట్టదు. ఆయనకు అది చెవి ద్వారా వచ్చింది. మనకు అంత చెవి లేదు కనుక పుస్తకం కావాలి. స, గ, ప, ని గల కార్డ్‌లో పంచమాన్ని విడిచినా వినేవారికి లోటు తెలియదు, దాని స్వభావాన్ని గాంధార నిషాదాలే చెబుతాయి. అంటే ఒక వ్రేలికి సెలవు.

వాద్యం నేర్చితే మతిమరుపు రాదని కొందరు ప్రచారం చేస్తున్నారు. వైద్యునిగా నేను ఆ హామీ ఇవ్వను. ఇష్టం ఉంటే నేర్చుకోండి, అది చాలు. అయితే మీ గురువును మొదటి వారమే అడగండి: ఈ కార్డ్‌లో ఉన్న స్వరాలు ఏవి, ఇదే పాటను చేతికి సులువైన మరొక శ్రుతిలో ఎలా వాయించాలి? చెప్పలేకపోతే మరొక గురువును చూచుకోవచ్చు.

శాస్త్రం తీర్చలేని బాధలూ ఉన్నాయి. రాత్రివేళ బొటన, చూపుడు, నడిమి వ్రేళ్ళలో తిమ్మిరెక్కి మెలకువ వస్తున్నా, వస్తువులు చేజారుతున్నా అది మణికట్టులో నరం ఒత్తిడికి గురైన లక్షణం కావచ్చు. ఆలస్యం చేయక వైద్యుని వద్దకు వెళ్ళండి. గిటారు వాయిస్తున్నామని మీరే ముందుగా చెప్పండి. డెబ్బది ఏళ్ళ మనిషిని ఆ ప్రశ్న అడగాలని ఏ వైద్యునికీ తోచదు. నా ఉద్యోగకాలం మొత్తంలో నేనూ ఎవరినీ అడగలేదు.