పండుగప్ప పిల్లకు రక్షణ తొలి మేతలోనే

కృష్ణా, గోదావరి డెల్టాలో పండుగప్ప సాగుచేసే రైతు పిల్లను కొనేటప్పుడు అడిగేది రెండే ప్రశ్నలు: ధర ఎంత, సైజు ఎంత? హేచరీలో దానికి తొలి మేత ఎలా పెట్టారని అడిగేవారు అరుదు. నిజానికి ఆ పిల్ల బలం, బలహీనత చాలావరకు అక్కడే తేలిపోతుంది.

గుడ్డు నుంచి వెలువడిన పండుగప్ప పిల్ల రెండు మూడు రోజుల్లో నోరు తెరుస్తుంది. దానికి కదిలే మేతే కావాలి. అందుకని మొదట కంటికి ఆనీ ఆనని రోటిఫర్లను, తర్వాత ఆర్టీమియాను మేపుతారు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ మేతను పెంచే తొట్లలోనే విబ్రియో వంటి చెడ్డ క్రిములు కూడా పెరిగి, మేతతోపాటు పిల్ల కడుపులో చేరతాయి. హేచరీల్లో పిల్ల ఉన్నట్టుండి చనిపోవటానికి ఇదొక ముఖ్య కారణం.

మంచి తోడు వేస్తేనే పాలు మంచి పెరుగవుతాయి. వేయకుంటే ఏవో క్రిములు చేరి పాలు చెడిపోతాయి. పిల్ల పేగు సంగతీ అంతే. మేలుచేసే క్రిములు ముందుగా చేరితే చెడ్డవాటికి చోటు తగ్గుతుంది. ప్రోబయోటిక్ అంటే ఈ తోడే. రోటిఫర్ నీటిలోని సన్నని పదార్థాన్నల్లా మింగే జీవి. దానిని కొన్ని గంటలపాటు ఈ క్రిములున్న నీటిలో ఉంచి మేపితే అవి నేరుగా పిల్ల కడుపులోకి పోతాయి. ఫ్రాన్సులో టర్బాట్ అనే సముద్రపు చేప పిల్లలకు ఇలా మేపి చూడగా, విబ్రియోను తట్టుకునే శక్తి పెరిగినట్లు 1994లో వెల్లడైంది.

అయితే పొడి కలిపినంత మాత్రాన చాలదు. అప్పుడే పొదిగిన ఆర్టీమియా ఏమీ మింగలేదు. కొన్ని గంటల తర్వాత ఒకసారి పొర విడిస్తేగాని తినదు. ఈలోగా కలిపిన పొడి వృథా. క్లోరిన్ మిగిలిన నీటిలోనూ, యాంటీబయాటిక్ వేసిన తొట్టిలోనూ మేలుచేసే క్రిములు కూడా చస్తాయి. ఒక జాతి చేపకు పనిచేసిన క్రిమి మరో జాతికి పనిచేస్తుందన్న హామీ లేదు. పెద్ద పిల్ల చిన్నదాన్ని మింగే పండుగప్ప గుణాన్ని ఏ ప్రోబయోటిక్ కూడా మాన్పలేదు. సైజులవారీగా వేరుచేయక తప్పదు.

ఇవేవీ చెప్పేవారు లేక, రోగం వచ్చాక రైతు దుకాణంలో డబ్బా కొని చెరువులో పోస్తున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటమే ఇది. అప్పుచేసి పిల్లను వదిలిన చిన్న రైతుకు, వారం తిరక్కుండా సగం తేలిపోతే మళ్లీ కొనే శక్తి ఎక్కడిది?

కనుక హేచరీలు పిల్లతోపాటు మేత వివరాలు, వాడిన మందుల వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. మత్స్యశాఖ రెండు తొట్లు పక్కపక్కన పెట్టి, ప్రోబయోటిక్ మేపిన పిల్ల ఎంత బతికిందో, మేపనిది ఎంత బతికిందో రైతుల కళ్లెదుట లెక్కపెట్టి చూపాలి. డబ్బా మీది బొమ్మకంటే ఆ లెక్కే రైతుకు మేలు చేస్తుంది.